కన్నప్పకు పాతిక టోకెన్లు

వ్యక్తిగత గోప్యత మీద సదస్సు అంటే వెళ్లాను. గేటు దగ్గరే ఆధార్ అడిగారు.

"చూపిస్తే చాలదు సార్, జిరాక్సు కావాలి" అన్నాడు వాచ్‌మన్. తేలేదన్నాను. జేబులోంచి తన ఫోన్ తీసి నా కార్డుకి ముందొకటి, వెనకొకటి ఫొటో తీసుకున్నాడు. అది అతని సొంత ఫోన్. అద్దం పగిలి ఉంది, తెర మీద వాళ్ల పాప నవ్వుతోంది. ఆ పాప పక్కన ఇప్పుడు నేనూ ఉన్నాను. అంతటితో అయిపోలేదు. బల్ల మీద రూళ్ల రిజిస్టరు తెరిచి ఉంది. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఎవరి కోసం, లోపలికి వెళ్లిన టైము, సంతకం. నాకంటే ముందొచ్చిన నలభై మంది నంబర్లు తీరిగ్గా చదువుకునేంత స్పష్టంగా ఉన్నాయి. ఎవరూ ఎత్తుకుపోకుండా పెన్నుకి మాత్రం దారం కట్టారు. ఆ ఆవరణ మొత్తంలో భద్రత అనదగినది ఆ దారం ఒక్కటే.

లోపల ఏసీ, జీడిపప్పు బిస్కట్లు. వేదిక మీద తెర, దాని మీద పెద్ద అక్షరాలు: "నిరూపించు, చూపించకు".

మాట్లాడిన అబ్బాయికి ముప్పై ఏళ్లుంటాయి. "ఇక మీదట మీ పుట్టినరోజు చెప్పకుండానే మీకు 18 నిండాయని నిరూపించవచ్చు. మీ పేరు చెప్పకుండానే మీరు మీరేనని నిరూపించవచ్చు. మధ్యలో బ్యాంకు ఉండదు, సర్కారు ఉండదు, ఏ కంపెనీ ఉండదు. ఎవర్నీ నమ్మక్కర్లేదు. అంతా బ్లాక్‌చెయిన్ చూసుకుంటుంది" అన్నాడు. నా పక్కనున్న పెద్దాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, తర్వాత నా చెవి దగ్గరికి వంగి "ఏమన్నాడండీ?" అని అడిగాడు.

ఆ అబ్బాయి చెప్పినదాన్ని జీరో నాలెడ్జ్ ప్రూఫ్ అంటారు. మన భాషలో శూన్యజ్ఞాన నిరూపణ. రాత్రి తొమ్మిదింటికి టీవీ చర్చల్లో జరిగేది అదేగా అనకండి, ఇది వేరు. 1985లో గోల్డ్‌వాసర్, మికాలి, రాకాఫ్ అనే ముగ్గురు రాసిన పత్రంతో పుట్టిన నిఖార్సైన గణితం. పెద్దాయనకి గాజులతో చెప్పాను. "మీకు ఎరుపూ పచ్చా తేడా తెలియదనుకోండి. నా దగ్గర రెండు గాజులున్నాయి, రంగులు వేరని నేనంటాను, మీరు నమ్మరు. చేతికొకటి తీసుకుని వెనక్కి పెట్టుకోండి. చేతులు మార్చండి, లేదా మార్చకండి. మళ్లీ చూపించి, మార్చానా లేదా అని అడగండి. రంగులు వేరైతే ప్రతిసారీ సరిగ్గా చెప్తాను. ఒకటే రంగైతే ఊహించాల్సిందే, సగంసార్లు తప్పుతాను. ఇరవై సార్లు వరసగా ఒప్పు చెప్పానంటే అది అదృష్టం కావడానికున్న అవకాశం 10,48,576లో ఒకటి. గాజులు వేరని మీకు రూఢి అయింది. ఏది ఎరుపో మాత్రం ఇప్పటికీ తెలియదు."

పెద్దాయన కాసేపు ఆలోచించి, "మా ఇంటావిడ నలభై ఏళ్లుగా నాతో చేస్తున్నది ఇదే" అన్నాడు.

ఇంతవరకూ నాకు ఏ పేచీ లేదు. ఈ గణితం అందమైనది. తాళం తీయకుండానే తాళంచెవి నా దగ్గరుందని ఒప్పించే విద్య అది. పేచీ ఎక్కడంటే, ఆ గాజులు మొదట ఎవరిచ్చారు? నాకు 18 నిండాయని నిరూపించాలంటే, ఆ సంగతి రాసి సంతకం పెట్టినవాడు ఒకడుండాలి. గణితం ఆ సంతకం దగ్గర మొదలవుతుంది, దాని వెనక్కి పోదు. ఎథీరియం ఫౌండేషన్ అండతో కొందరు పరిశోధకులు 'అనాన్ ఆధార్' అనేదొకటి కట్టారు. మన కార్డు మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది కదా, అందులో ఆధార్ ఇచ్చే సర్కారు సంస్థ యూఐడీఏఐ డిజిటల్ సంతకం దాగి ఉంటుంది. మన చేతిలోని ఫోనే ఆ సంతకాన్ని సరిచూసి, ఆధార్ నంబరు బయటపెట్టకుండా "ఇతని దగ్గర నిజమైన కార్డుంది, 18 దాటాయి" అని మాత్రం రుజువు తయారు చేస్తుంది. మంచి పని. కాకపోతే "సర్కారుతో పనిలేదు" అన్న మేడకి పునాదిరాయి సర్కారు సంతకమే. ఎవర్నీ నమ్మవద్దన్న మతానికి మూలవిరాట్టు ఆధార్ సెంటర్ ఆపరేటరు.

ఆ ఆపరేటరు సంగతి కొంచెం చెప్పనివ్వండి. దివిసీమలో మా పెద్దమ్మ ఒకావిడ ఉంది. పుట్టిన తేదీ తెలియదు. 1977 ఉప్పెన నాటికి ఇద్దరు పిల్లల తల్లి, అంతవరకే లెక్క. కార్డు తీయించుకోడానికి వెళ్తే ఆపరేటరు "ఏ సంవత్సరం మామ్మా?" అన్నాడు. "ఉప్పెనకి పాతిక ఉంటాయిరా అబ్బాయ్" అంది. వాడికి పదిహేనని వినబడింది. వెనక లైను పెద్దది, బయట ఎండ. 1962, జనవరి 1 అని కొట్టాడు. ఊళ్లో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు. ఆ నెల మంత్రసానికి ఎంత తీరిక లేకపోయిందో! వాడి పదేళ్ల చెవుడు వల్ల ఆవిడ పింఛను పదేళ్లు వెనక్కి పోయింది. ఇప్పుడు ఈ కార్డుని తీసుకెళ్లి అధునాతన గణితానికి అప్పజెప్పండి. పెద్దమ్మ వయసు ఎవరికీ చూపించకుండా, ఎవరూ కాదనలేనంత పకడ్బందీగా తప్పు వయసుని నిరూపిస్తుంది. నిరూపించే ఆవిడకి తెలియదు, అడిగేవాడికి తెలియదు, సంతకం పెట్టినవాడికి అంతకన్నా తెలియదు. శూన్యజ్ఞానం అంటే ఇదీ.

ఇలాంటి తప్పుల్ని బ్లాక్‌చెయిన్ ఎక్కించడం మనకి కొత్తేమీ కాదు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డుల కోసం క్రోమావే అనే స్వీడన్ కంపెనీతో జత కట్టింది. 2018లో తెలంగాణ బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ ప్రకటించింది. ఆ గొలుసులో రాసింది చెరగదు, అదే దాని గొప్ప. అయితే మనకి కావలసింది చెరగని దస్త్రమా? కరణంగారు గట్టు తగాదా తేలేదాకా పెన్సిల్‌తో రాసి ఉంచిన సర్వే నంబరుని శిలాశాసనం చేస్తే, ఆ గట్టు కోసం కొట్టుకునేవాళ్లు తరతరాలు కొట్టుకోవచ్చు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది గానీ, ఆయన పెన్సిల్ మాత్రం ఇంకా బతికే ఉంది.

అబ్బాయి ఉపన్యాసం సాగుతోంది. "అవసరమైనంతే చెప్పండి" అంటున్నాడు. నాకు సిమ్ కార్డు కొన్న రోజు గుర్తొచ్చింది. అవసరమైనంతే చెబుదామని ఎనిమిది అంకెలు దాచేసి, చివరి నాలుగే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పట్టుకెళ్లాను. షాపు కుర్రాడు దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇదేంటి సార్, ఇంటూ మార్కులున్నాయి? ప్రింటరు పాడైందా?" అన్నాడు. గోప్యత అన్నాను. "గోప్యత ఉంటే సిమ్ యాక్టివేట్ కాదు సార్" అన్నాడు. ఇంతకంటే క్లుప్తంగా ఈ దేశపు విధానాన్ని ఏ కమిటీ నివేదికా చెప్పలేదు.

చెప్పబోయిన ఆఫీసు ఒకటుంది, పాపం. 2022 మే 27న బెంగళూరులోని యూఐడీఏఐ ప్రాంతీయ కార్యాలయం జనానికొక సలహా ఇచ్చింది. ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకండి, దుర్వినియోగం కావచ్చు, మాస్క్‌డ్ కార్డు వాడండి, లైసెన్సు లేని హోటళ్లు, సినిమా హాళ్లు కాపీలు తీసుకోకూడదు అంది. మే 29న కేంద్రం ఆ ప్రకటన వెనక్కి తీసుకుంది. జనం అపార్థం చేసుకునే అవకాశం ఉందట. ఆధార్ మీద మామూలు మనిషికి నేరుగా అర్థమయ్యేట్టు వచ్చిన ప్రకటన అదొకటి, దాని ఆయుష్షు రెండు రోజులు. తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తీర్పిచ్చారు. ఆ తీర్పు జిరాక్సు తీసి వాచ్‌మన్‌కి ఇద్దామంటే, అతను దానికి కూడా రెండు వైపులా ఫొటో తీస్తాడు.

అదే 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక వేసింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లు కలిసి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపెట్టాయంది. నాలుగింట్లో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఇంకొకటి చంద్రన్న బీమాది. మనవాళ్లు ఎందులోనూ వెనకబడరు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల డీలరు ఇంకో మెట్టు ఎక్కాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో జనం భూమి దస్తావేజులు వేలిముద్రలతో సహా దొరుకుతుంటే దింపుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో వేళ్లు తయారు చేసి, టార్గెట్ కోసం వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఇందులో హ్యాకింగ్ ఏమీ లేదు. కంచె తలుపు తీసి, మేయమని చెప్పి, పశువు మేసిందని కేసు పెట్టారు. వేలిముద్ర పాస్‌వర్డు లాంటిది కాదు. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. వేలు పోతే ఇంకా తొమ్మిది ఉన్నాయని సంతోషించాలి.

వేళ్ల తర్వాత కళ్లు.

శామ్ ఆల్ట్‌మన్ పేరు మీరు వినే ఉంటారు. మనిషిలా మాట్లాడే యంత్రాన్ని జనం మీదికి వదిలిన పెద్దమనిషి. యంత్రమేదో మనిషేదో తెలియక లోకం తల పట్టుకుంటుంటే, మీరు మనుషులేనని రుజువు చేసుకోడానికి ఏర్పాటు చేశాం రండి అంటూ ఇంకో చేత్తో ఇంకో కొట్టు తెరిచాడు. తొడపాశం పెట్టి జోల పాడటం అంటే ఏమిటో మన అమ్మమ్మలకి తెలుసు. ఆ కొట్టు పేరు వరల్డ్‌కాయిన్. 2023 జులై 24న తలుపులు తెరిచింది. తర్వాత పేరులోంచి కాయిన్ తీసేసి వట్టి 'వరల్డ్' అయింది. చిల్లర వదిలేసి ప్రపంచాన్నే పెట్టుకుంది. బౌలింగ్ బంతంత వెండి గోళంలోకి కళ్లు పెట్టి చూస్తే అది కనుపాపని చదివి, ఒక కోడ్‌గా మార్చి, "వీడొక మనిషి, ఇంతకుముందు రాలేదు" అని తేలుస్తుంది. పేరడగదు, ఊరడగదు. ఆ తర్వాతంతా శూన్యజ్ఞాన నిరూపణే. కంటి చిత్రాలు మా దగ్గర ఉంచుకోం అని కంపెనీ చెబుతుంది. ఉంచుకోకపోవచ్చు. కానీ "ఏమీ చూపించకండి" అనే నోము పట్టడానికి మొదటి నియమం రెండు కళ్లూ చూపించడం.

నైరోబీలో జనం బారులు తీరారు. కంటికి బదులు పాతిక వరల్డ్‌కాయిన్ టోకెన్లు, అప్పటి ధరకి సుమారు 7,000 కెన్యా షిల్లింగులు. వికేంద్రీకృత గుర్తింపు మీద మక్కువతో నిలబడ్డారనుకోకండి, నెలాఖరు ఖర్చుల కోసం నిలబడ్డారు. సుమారు 3 లక్షల 50 వేల మంది చూపించాక, 2023 ఆగస్టు 2న కెన్యా ప్రభుత్వం ఆపేయమంది. 2025 మేలో అక్కడి హైకోర్టు, తీసుకున్న శరీర వివరాలు ఏడు రోజుల్లో చెరిపేయండి అంది. స్పెయిన్, పోర్చుగల్ 2024 మార్చిలో బ్రేకు వేశాయి. అదే ఏడాది మేలో హాంకాంగ్ ఆపమంది. అక్కడి కమిషనరు తేల్చిన సంగతుల్లో ఒకటి వినండి: కళ్లు ఇచ్చేటప్పుడు సంతకం పెట్టాల్సిన అంగీకార పత్రం చైనీసు భాషలో లేదు. హాంకాంగ్‌లో! డబ్బిచ్చి కళ్లు కొనే పద్ధతి కుదరదని 2025 జనవరిలో బ్రెజిల్ అంది. మన ఢిల్లీ, బెంగళూరుల్లోనూ 2023లో ఆ గోళం దర్శనమిచ్చి, ఏడాది తిరక్కుండానే సర్దుకుంది.

శ్రీకాళహస్తి తిన్నడు, అదే మన కన్నప్ప, కూడా కన్నిచ్చాడు. కానీ ఎవరికిస్తున్నాడో అతనికి తెలుసు. ఎదుటివాడి కంట్లోంచి రక్తం కారడం చూసి ఇచ్చాడు. రెండోది పెకలించబోతుంటే దేవుడే చెయ్యి పట్టుకుని చాలన్నాడు. ఈ కొత్త దేవుడు "చాలు" అనడు. "మీ స్నేహితుల్ని కూడా తీసుకురండి" అంటాడు.

ఇందులో 'వికేంద్రీకరణ' ఎక్కడ అని అడగబోయాను. గోళం ఒకరిది, టోకెన్ ఒకరిది, నియమాలు ఒకరివి. వికేంద్రీకృతమైనవి కళ్లు మాత్రమే. మనవాళ్లు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు: తిలా పాపం తలా పిడికెడు. లాభం పంచుకునేటప్పుడు కంపెనీకి చిరునామా ఉంటుంది, ఆఫీసులో కాఫీ మెషిను కూడా ఉంటుంది. తప్పు జరిగి తలుపు కొట్టినప్పుడు మాత్రం అది 'ప్రోటోకాల్' అయిపోతుంది. ప్రోటోకాల్ మీద ఏ స్టేషన్లో కేసు పెడతారు?

బ్లాక్‌చెయిన్ గొలుసు గట్టిదే. నేనెప్పుడూ కాదనలేదు. కాయిన్‌బేస్ అనే అమెరికా ఎక్స్ఛేంజీలో ఏం జరిగిందో చూడండి. క్రిప్టో కొనాలంటే చట్టం ప్రకారం గుర్తింపు కార్డు ఇవ్వాలి, ఇచ్చారు. విదేశాల్లో ఉన్న కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల్లో కొందరికి ఎవరో లంచమిచ్చారు. 69,461 మంది వివరాలు బయటికి పోయాయి, కార్డుల ఫొటోలతో సహా. 2025 మేలో దొంగలు 2 కోట్ల డాలర్లు అడిగితే కంపెనీ ఇవ్వనంది. గొలుసు ఒక్క కొక్కెం కూడా ఊడలేదు. కొక్కెం పట్టుకున్న చెయ్యి అమ్ముడుపోయింది. అంతకు ముందు, తమ తాళంచెవుల్ని ఇంట్లో తమ దగ్గరే ఉంచుకోవాలని లెడ్జర్ అనే కంపెనీ దగ్గర చిన్న పెట్టెలు కొన్న జాగ్రత్తపరులున్నారు. వాళ్లలో సుమారు 2 లక్షల 72 వేల మంది పేర్లు, ఇంటి చిరునామాలు 2020 డిసెంబరులో ఇంటర్నెట్‌లో పడ్డాయి. క్రిప్టో దాచుకున్నవాళ్ల ఇళ్ల జాబితా దొంగకి ఇంటింటి సర్వే అక్కర్లేకుండా దొరికింది.

కంపెనీయే వద్దనుకుని అన్నీ మనమే చూసుకుంటే? అప్పుడు పన్నెండో ఇరవై నాలుగో ఇంగ్లిషు మాటలు కాగితం మీద రాసి దాచుకోవాలి. ఆ మాటలే మీ పేరు, మీ సంతకం, మీరూను. కాగితం ఎలక కొట్టేస్తే మీరు లేరు. తహసీల్దారు దగ్గరికి వెళ్లి ఏడుద్దామంటే ఈ లోకంలో తహసీల్దారు లేడు. లంచం ఇచ్చి పని చేయించుకుందామన్నా తీసుకునే నాథుడు లేడు. ఇంత నిర్దయగా ఉండే వ్యవస్థని మన ఆఫీసులు కూడా కనిపెట్టలేకపోయాయి.

ప్రశ్నలు అడగమన్నారు. పెద్దాయన లేచాడు. "బాబూ, ఏ ఊరు మనది?" అన్నాడు. అబ్బాయి ఊరు చెప్పాడు. "ఊళ్లో ఎటువైపు? చెరువు వైపా, గుడి వైపా?" అబ్బాయి కొంచెం తడబడి చెప్పాడు. "ఇంటిపేరు?" చెప్పాడు. "అయితే ఫలానా మాస్టారుగారికి మీరేమవుతారు?" హాల్లో సగం మంది తలలూపారు. అడగాల్సింది ఒక్కటీ నేరుగా అడగలేదు, చెప్పాల్సింది ఒక్కటీ అబ్బాయి నేరుగా చెప్పలేదు. నాలుగు ప్రశ్నల్లో కులం, శాఖ, పొలమెంతో, కట్నమెంతో పెద్దాయనకి తెలిసిపోయింది. జీరో నాలెడ్జ్ ప్రూఫ్‌కి ఇది సరిగ్గా తలకిందులు. ఏమీ చూపించకపోయినా అంతా తెలుస్తుంది. హైదరాబాదులో అద్దె ఇల్లు వెతికిన ఎవరైనా ఈ ప్రశ్నాపత్రం రాసి ఉంటారు. చివర్లో "మీరు నాన్‌వెజ్ తింటారా?" అన్నది గ్రేస్ మార్కుల కోసం.

బ్లాక్‌చెయిన్‌లో జరిగేదీ అదే. బిట్‌కాయిన్ ఖాతాకి పేరుండదు, పొడుగాటి అక్షరాలుంటాయి. కానీ ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంత పంపారో లోకమంతా చూడొచ్చు, 2009 జనవరి 3న వేసిన మొదటి దిమ్మె దగ్గర్నుంచీ. పేరక్కర్లేదు. ఎటువైపు ఇల్లు, ఫలానా వారికి ఏమవుతాడు, పెళ్లికి ఎవరు చదివించారు అని లాగితే చాలు. అలా లాగడమే వ్యాపారంగా పెట్టుకున్న కంపెనీలు అమెరికాలో ఉన్నాయి, పోలీసులే వాటి ఖాతాదారులు. మన పెద్దాయన ఆ పని ఉచితంగా చేస్తున్నాడు.

అబ్బాయి మంచివాడు. తర్వాత టీ దగ్గర నన్ను పట్టుకున్నాడు. "అంకుల్, మీరు నవ్వుతూనే ఉన్నారు. ఇందులో నమ్మకం లేదా?" అన్నాడు.

"నీ గణితం మీద ఉందిరా అబ్బాయ్. 18 నిండాయని నువ్వు నిరూపిస్తావు. అడిగేవాడు 18 చాలని ఒప్పుకోవాలి కదా. వాడికి వయసు ఒక్కటీ చాలదు. పేరు కావాలి, ఫోన్ నంబరు కావాలి, రేపు లోన్ కావాలా అని ఫోన్ చేయాలి. తక్కువ చెప్పడం నువ్వు నేర్పుతున్నావు. తక్కువ అడగడం వాడికి ఎవరు నేర్పాలి?"

"దానికి రెగ్యులేషన్ రావాలంకుల్."

"వచ్చింది. 2023లోనే చట్టం వచ్చింది. దానికి రూల్స్ రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది, 2025 నవంబరులో వచ్చాయి. ఆ రూల్స్ సంగతి గేటు దగ్గర మన వాచ్‌మన్‌కి చెప్పావా?"

నవ్వి, టీ కప్పు పెట్టేసి, నిర్వాహకుల ఫీడ్‌బ్యాక్ ఫారం తీసుకొచ్చాడు. అందులో పేరు, వయసు, మెయిల్, మొబైల్ నంబరు. నాలుగింటికీ పక్కన నక్షత్రం గుర్తు. నింపకపోతే ఒప్పుకోదట.

బయటికొచ్చేసరికి గేటు దగ్గర రద్దీ. "అవుట్ టైమూ, నంబరూ, సంతకం సార్" అన్నాడు వాచ్‌మన్. నా ముందు అబ్బాయి నిలబడి తన పది అంకెలూ గడగడా రాసేసి, సంతకం గిలికి, కారెక్కాడు. నా వంతు వచ్చింది. నంబరు గడిలో చిన్నప్పుడు మా వీధి చివర కిరాణా కొట్టుకి ఉండే నంబరు రాశాను, నాలుగంకెలు. సంతకం గడిలో ఒక కొండముచ్చు బొమ్మ వేశాను, తోకతో సహా. దారం కట్టిన పెన్ను జాగ్రత్తగా వెనక్కి పెట్టాను.

వాచ్‌మన్ రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. పెన్ను ఉందో లేదో చూశాడు.

"ఓకే సార్" అని గేటు తీశాడు.